మొటిమల మచ్చలకూ మంగుకూ అజెలాయిక్ యాసిడ్: ఎలా రాసుకోవాలి, ఎన్నాళ్లు ఆగాలి

ఈ ట్యూబు కొన్నవాళ్లలో చాలామంది పదిరోజులు రాసి పక్కన పడేస్తారు. మంట పుట్టిందని కొందరు, మచ్చ తగ్గలేదని కొందరు. ఇద్దరు చెప్పేదీ నిజమే. మొదటి పదిరోజుల్లో మంట పుడుతుంది, మచ్చ తగ్గదు. ఈ మందు నడిచే తీరే అది. ఆ సంగతి ముందే తెలిస్తే చివరిదాకా వాడగలుగుతాం. నాకు తెలియక మొదటిసారి మూడోవారంలోనే ఆపేశాను. రెండోసారి మొదలుపెట్టి ఏడు నెలలు వాడాను. మధ్యలో నేను నేర్చుకున్నవీ, మా స్కిన్ డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పేరులో యాసిడ్ ఉందని జంకకండి. గోధుమ, బార్లీ, రై గింజల్లో సహజంగా ఉండే పదార్థమే ఇది. మన చర్మం మీద బతికే మలాసీజియా అనే ఈస్ట్ కూడా దీన్ని తయారుచేస్తుంది. అసలు ఈ మందు సంగతి బయటపడింది మన ఊళ్లలో అందరికీ తెలిసిన శోభి మచ్చల వల్లే. వీపు మీదా, ఛాతీ మీదా, మెడ మీదా సన్న పొట్టుతో తెల్లమచ్చలు లేస్తాయి చూడండి, అవే. ఆ చోట చర్మం ఎందుకు రంగు తగ్గుతోందని 1970లలో రోమ్‌లోని సాన్ గల్లికానో సంస్థలో మార్సెల్లా నజారో పోర్రో, సిరో పాస్సీ పరిశోధించారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కావాలంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేయాలి. శోభికి కారణమైన ఈస్ట్ నుంచి వచ్చే కొన్ని ఆమ్లాలు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటున్నాయని 1978లో వాళ్లు ప్రచురించారు. వాటిలో ఒకటి అజెలాయిక్ యాసిడ్. దాన్ని నల్లమచ్చలకు రాసి చూస్తుంటే, మొటిమలు కూడా ఉన్నవాళ్లకు ఆ మొటిమలు తగ్గడం కనిపించింది. అమెరికాలో 20 శాతం క్రీముకు మొటిమల మందుగా 1995లో, 15 శాతం జెల్‌కు రొజేషియా (ముఖం తరచూ ఎర్రబడే జబ్బు) మందుగా 2002లో అనుమతి వచ్చింది.

ఇది చర్మం మీద చేసే పనులు ఒకటి కాదు. మొటిమలు పెంచే బ్యాక్టీరియాను తగ్గిస్తుంది, రంధ్రాల దగ్గర మృతకణాలు పేరుకుని మూసుకుపోకుండా చూస్తుంది, వాపునూ ఎరుపునూ తగ్గిస్తుంది, మెలనిన్ అతిగా తయారయ్యే చోట దాన్ని అదుపు చేస్తుంది. ఆ చివరి పనిలో ఒక సుగుణం ఉంది. దారితప్పి అతిగా పనిచేస్తున్న కణాల మీదే దీని ప్రభావం ఎక్కువ, మామూలు చర్మాన్ని దాదాపు ముట్టుకోదు. అందుకే ఇది ఫెయిర్‌నెస్ క్రీము కాదు. మీ ఒంటి రంగు ఏదో అదే ఉంటుంది. మచ్చ ఆ రంగులో కలిసిపోతుంది. తెల్లబడాలని కొంటే మాత్రం నిరాశ తప్పదు.

ముందు మీ మచ్చ ఏదో తేల్చుకోండి

పగటి వెలుగులో, కిటికీ దగ్గర నిలబడి చూసుకోండి. బాత్రూం లైటు కింద అన్ని మచ్చలూ ఒకేలా కనిపిస్తాయి.

మొటిమ మానిన చోట మిగిలిపోయిన గోధుమరంగు, నల్లరంగు మచ్చలైతే ఈ మందు బాగా పనిచేస్తుంది. బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్, చిన్నచిన్న ఎర్రటి మొటిమలకూ పనిచేస్తుంది. రెండు బుగ్గల మీదా సమానంగా, లేదా నుదుటి మీద, పైపెదవి మీద మ్యాపు గీసినట్టు గోధుమరంగులో పరుచుకుంటే అది మంగు. మంగుకు పనిచేస్తుంది కానీ నెలలు పడుతుంది. మంగు బూడిదరంగులో, నీలం ఛాయతో ఉంటే చర్మం లోపలి పొరల్లోకి దిగిందని అనుమానించాలి. దానిమీద ఏ పైపూత మందూ అంతగా పనిచేయదు.

మొటిమల వల్ల పడ్డ గుంటలు దీనితో పూడవు. ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పిగా, లోపల గడ్డలా ఉండే మొటిమలకు ఇదొక్కటే చాలదు. వాటికి ఆలస్యం చేసినకొద్దీ గుంటలు పడతాయి, కాబట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గుండ్రంగా, అంచు ఉబ్బెత్తుగా, దురదగా ఉంటే అది తామర కావచ్చు, దాని మందు వేరు. మచ్చ సైజో రంగో త్వరగా మారుతున్నా, రక్తం వస్తున్నా ఏ క్రీమూ రాయకుండా చూపించుకోవాలి.

ఇంకొకటి. మెడ వెనకా, చంకల్లో చర్మం నల్లగా, మఖమల్ గుడ్డలా మందంగా మారితే దాన్ని మట్టి అనుకుని పీచుతో రుద్దేవాళ్లను చూస్తుంటాను, ముఖ్యంగా పిల్లల మెడలను. అది మురికి కాదు. చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడంలేదనడానికి గుర్తు. క్రీముకంటే ముందు షుగర్ పరీక్ష చేయించండి.

ముఖం తరచూ వేడెక్కి ఎర్రబడటం, దానితో పాటు బుగ్గల మీదా ముక్కు మీదా సన్న పొక్కులు, ఏది రాసినా చురచుర. ఇది రొజేషియా కావచ్చు. మన చామనఛాయలో ఆ ఎరుపు సరిగా కనబడదు కాబట్టి మొటిమలనుకుని ఏళ్లు గడిపేస్తారు. అజెలాయిక్ యాసిడ్ దానికి అసలైన మందుల్లో ఒకటి, కానీ రోగం పేరు డాక్టరే చెప్పాలి.

ఇప్పటికే రాస్తున్న క్రీము వెనక వైపు చదవండి

ఇది నా అనుభవం కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. రెండో కాన్పు తర్వాత నాకు రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. దగ్గర్లోని మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే ఒక ట్యూబు ఇచ్చారు. రెండు వారాల్లో ముఖం నునుపుదేలింది. ఇంటికొచ్చిన చుట్టాలంతా ఏం రాస్తున్నావని అడిగారు. నాలుగో నెలకు బుగ్గల మీద సన్నని ఎర్రటి నరాలు పైకి తేలాయి. ఎండలోకి వెళ్తే మంట. రాయడం ఆపితే రెండోరోజుకే ముఖమంతా కందిపోయి సన్న పొక్కులు. మళ్లీ రాస్తే తగ్గేవి. అలా వదల్లేని పరిస్థితి వచ్చింది. అప్పుడు ట్యూబు మీద చిన్న అక్షరాలు చదివాను. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్. మొదటిది మచ్చ రంగు తగ్గించేది, రెండోది మొటిమలకూ ఇచ్చేది, ఆఖరిది స్టీరాయిడ్, అంటే వాపునూ ఎరుపునూ అణిచే బలమైన మందు.

ఆ మూడూ కలిపిన క్రీము చెడ్డ మందేమీ కాదు. డాక్టర్ చూస్తూ కొన్ని వారాలు వాడించి ఆపించే మందు. నెలల తరబడి స్నోలా పూసుకునేది కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టీరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలంది. అయినా అవి అడిగినవాళ్ల చేతికి వస్తూనే ఉన్నాయి.

కాబట్టి మీ ఇంట్లో ఉన్న ప్రతి ముఖం క్రీమునూ తిప్పి చదవండి. మొమెటసోన్, బెటామెథాసోన్, క్లోబెటసోల్, ఫ్లూయోసినోలోన్ అని ఉంటే అది స్టీరాయిడ్. నెలల తరబడి రాస్తుంటే హఠాత్తుగా మీ అంతట మీరే ఆపకండి, దానిమీద అజెలాయిక్ యాసిడ్ మొదలుపెట్టకండి. స్కిన్ డాక్టర్ దగ్గరికి ఆ ట్యూబు పట్టుకెళ్లి చూపించండి. మెల్లగా మాన్పించి, చర్మం కుదుటపడ్డాక ఇది ఇస్తారు. నేను మొదటిసారి మూడు వారాలకే ఓడిపోవడానికి కారణం అదే. స్టీరాయిడ్‌తో పలచబడ్డ చర్మం మీద రాశాను.

ఏది కొనాలి

మన మందుల షాపుల్లో 10 శాతం, 20 శాతం క్రీములు, 15 శాతం జెల్ దొరుకుతాయి. జిడ్డు చర్మం, మొటిమలు ఉంటే జెల్ హాయిగా ఉంటుంది. పొడిచర్మానికీ మంగుకూ క్రీము నయం. అంకె పెద్దదైతే బలం ఎక్కువ అని లెక్కవేయకండి. జెల్‌లో మందు చర్మంలోకి బాగా దిగేలా తయారుచేస్తారు కాబట్టి 15 శాతం జెల్ 20 శాతం క్రీముకు ఏమాత్రం తీసిపోదు. సున్నిత చర్మం అయితే 10 శాతంతో మొదలుపెట్టి, ఒక ట్యూబు అయ్యాక 20కి వెళ్లండి. ట్యూబు మీద మందుల జాబితాలో అజెలాయిక్ యాసిడ్ ఒక్కటే ఉందో, ఇంకేమైనా కలిపారో చూసి కొనండి.

కొన్నాక ట్యూబును బండి డిక్కీలో వదిలేయకండి. మన మే నెల ఎండలకు అందులో మందు కరిగి నీళ్లూ ముద్దా వేరైపోతుంది. ఇంట్లో నీడపట్టున ఉంటే చాలు, ఫ్రిజ్ అక్కర్లేదు.

ముఖమంతా రాసేముందు మూడు రాత్రులు చెవి కింద, దవడ ఎముక వెనక వేలిగోరంత చోట రాసి చూడండి. కాసేపు చురుక్కుమంటే పరవాలేదు. దద్దురు లేచినా, ఉబ్బినా, మర్నాటికీ దురద తగ్గకపోయినా ఇది మీకు పడదు.

రాసే పద్ధతి

రాత్రి భోజనాలు అయిపోయి, ఇక నీళ్ల పని లేదనుకున్నాక మొదలుపెట్టండి. మామూలు నీళ్లతో, నురగ తక్కువ వచ్చే ఫేస్‌వాష్‌తో ముఖం కడుక్కోండి. ఒళ్లు రుద్దుకునే సబ్బు వద్దు, చర్మాన్ని పొడిబారుస్తుంది. మెత్తటి గుడ్డతో అద్దుకోండి, తుడవకండి.

ఇక్కడ ఆగాలి. పావుగంట, ఇరవై నిమిషాలు. ముఖం పైకి పొడిగా కనిపించినా చర్మం లోపల తడి ఉంటుంది. తడిచర్మంలోకి మందు ఒక్కసారిగా దిగి మంట రెట్టింపవుతుంది. పోయిన జూన్‌లో మా పిన్ని కూతురు హాస్టల్ నుంచి రాత్రి పదిన్నరకు ఫోన్ చేసింది.

“అక్కా, ఎర్రచీమలు కుట్టినట్టుంది. కడిగేసుకోనా?”

“రాసి ఎంతసేపైందే?”

“అయిదు నిమిషాలు.”

“ముఖం ఉబ్బిందా? కళ్లు వాచాయా?”

“లేదు, మంటే.”

“అయితే ఫోన్ పెట్టకు. కాలేజీ కబుర్లు చెప్పు.”

పన్నెండు నిమిషాలకు దాని గొంతు మామూలైంది. తర్వాత అడిగితే తెలిసింది, ముఖం కడుక్కుని తువ్వాలు ఆరేసే లోపే రాసేసుకుందని. మర్నాటి నుంచి ముఖం కడుక్కున్నాక రికార్డు రాసుకుని, అప్పుడు మందు రాసుకోమన్నాను. చురుకు ఉంది కానీ ఓర్చుకునేంత ఉంది.

ఆగే సమయంలో ముక్కు రంధ్రాల మూలల్లో, పెదవుల చివర్లలో సన్నగా వాసెలిన్ అద్దండి. మందు జారి చేరేది ఆ మూలల్లోకే, మంట పుట్టి చర్మం చిట్లేదీ అక్కడే.

ఇక కొలత. చూపుడువేలి చివరి గీత నుంచి వేలికొస దాకా పొడుగ్గా పిండితే అది సుమారు అరగ్రాము. మొత్తం ముఖానికి అంత సరిపోతుంది. మొదటి రెండు వారాలూ అందులో సగం చాలు. దాన్ని నుదుటి మీద ఒకటి, బుగ్గకొకటి, ముక్కు మీద ఒకటి, గడ్డం మీద ఒకటి చుక్కలుగా పెట్టి, వేళ్లతో మెల్లగా పరవండి. రుద్దకండి. తెల్లదనం కనబడకుండా పోయేదాకా పరిస్తే చాలు. కనురెప్పల మీదా, పెదవుల మీదా వద్దు. చెయ్యి కడుక్కోండి, ఆ చేత్తో కళ్లు నులుముకుంటే ఇంకో బాధ.

మొటిమ ఉన్నచోటే చుక్కపెట్టి వదిలేసేవాళ్లు ఎక్కువ. ఆ పద్ధతి వల్ల ప్రయోజనం సగమే. ఈరోజు కనిపించే మొటిమ లోపల తయారవడం ఎప్పుడో మొదలైంది. పక్కన ఇంకో నాలుగు కనబడకుండా తయారవుతుంటాయి. అందుకే మొటిమలు వచ్చే ప్రాంతమంతా రాయాలి. మంగుకైతే మచ్చంతా, దాని అంచు దాటి ఒక వేలి మందం దాకా.

పది నిమిషాలు ఆగి వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. వెంటనే రాస్తే రెండూ కలిసి, రబ్బరుతో చెరిపినప్పుడు వచ్చే పొట్టులా ఉండలు ఉండలుగా రాలిపోతాయి.

మగవాళ్లయితే గీసుకున్న వెంటనే రాయొద్దు. పొద్దున షేవింగ్, రాత్రి మందు. ఆఫ్టర్‌షేవ్ లోషన్ కొన్నాళ్లు మానేయండి.

సరిగా రాస్తున్నారో లేదో తెలుసుకోవడానికి నాకు బాగా ఉపయోగపడిన లెక్క ఒకటుంది. పూటకు అరగ్రాము చొప్పున రోజుకు ఒకపూట రాస్తే 15 గ్రాముల ట్యూబు నెలరోజులు వస్తుంది. రెండుపూటలా రాస్తే పదిహేను రోజులే. ట్యూబు కొన్న తేదీ డబ్బా మీద పెన్నుతో రాసి పెట్టండి. అదే ట్యూబు మూడు నెలలు వచ్చిందంటే మందు పనిచేయకపోవడం కాదు, మీరు రాయకపోవడం. ఖర్చు భారమనిపిస్తే ముఖమంతా పలచగా పూసేకంటే అసలు మచ్చలున్న ప్రాంతానికే సరిపడా రాయడం మేలు.

వారాల వారీగా పెంచుకుంటూ వెళ్లాలి. మొదటి రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి. మూడు, నాలుగు వారాల్లో ప్రతి రాత్రీ. చర్మం అలవాటు పడిందనిపిస్తే అయిదో వారం నుంచి పొద్దున కూడా. డాక్టర్ చీటీ మీద మొదటిరోజు నుంచే రెండుపూటలా అని ఉంటే, ఇలా మెల్లగా మొదలుపెట్టవచ్చా అని అడగండి. సాధారణంగా కాదనరు.

మంటను ఎలా తట్టుకోవాలి

రాసిన రెండుమూడు నిమిషాలకు మొదలై, పావుగంట నుంచి అరగంటలో తగ్గిపోయే చురచుర, దురద మామూలే. నాలుగు వారాలు దాటేసరికి చాలామందికి పోతుంది. తట్టుకోలేకపోతే ముందు మాయిశ్చరైజర్ రాసి, అది ఆరాక మందు, దానిమీద మళ్లీ మాయిశ్చరైజర్. అప్పటికీ కష్టమైతే అరగంట ఉంచి కడిగేసుకోండి, రోజురోజుకూ ఆ సమయం పెంచండి. తడిగుడ్డ అద్దుకుంటే కాస్త ఊరట. మందు ముఖం మీద ఉండగా గ్యాస్ పొయ్యి ముందు నిలబడినా, చెమట పట్టినా చురుకు మళ్లీ లేస్తుంది. అందుకే వంటపని అయ్యాకే రాసుకోమన్నాను.

కనురెప్పలు వాచడం, దద్దుర్లు, రసి కారడం, గంటలు గడిచినా తగ్గని మంట, ఇవి వేరే సంగతి. కడిగేసి, ఆపేసి డాక్టర్‌కు చూపించండి. ఉబ్బసం ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో ఆ మాట చెప్పాలి. ఈ మందు వాడాక ఉబ్బసం పెరిగిన సందర్భాలు అరుదుగా నమోదయ్యాయి. అలాగే మనలాంటి గోధుమ, నలుపు ఛాయల వాళ్లకు ఎప్పుడో అరుదుగా మందు రాసినచోట చర్మం రంగు తగ్గవచ్చు. చుట్టుపక్కల కంటే తెల్లటి మచ్చలు కనిపిస్తే కొనసాగించకండి.

పొద్దున సన్‌స్క్రీన్ లేకుండా రాత్రి మందు వృథా

ట్రెటినాయిన్ లాంటి మందులు చర్మాన్ని ఎండకు తట్టుకోలేకుండా చేస్తాయి, అజెలాయిక్ యాసిడ్ అలా చేయదు. అందుకే పగలు కూడా రాసుకోవచ్చు. కానీ మంగును పెంచేదే ఎండ. రాత్రంతా మందు తగ్గించిన దాన్ని మధ్యాహ్నం పదిహేను నిమిషాలు గొడుగు లేకుండా నడిస్తే ఎండ తిరిగి తెస్తుంది.

ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడుగునా పిండి ముఖానికీ మెడకూ రాయండి. బయట తిరిగేవాళ్లు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవాళ్లకు ఇంకో మాట. మన ఛాయ చర్మంలో అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుగు కూడా మంగును పెంచుతుంది. తెల్లటి సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత గోధుమరంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ ఆపుతుంది. కొంచెం ఖరీదు ఎక్కువే అయినా, మంగుకు డబ్బు పెట్టదలచుకుంటే మొదట దానిమీదే పెట్టమంటాను. స్కూటీ మీద వెళ్లేటప్పుడు చున్నీ కట్టుకోవడం, గొడుగు వేసుకోవడం ఎలాగూ ఉన్నవే.

దీనితో పాటు ఏవి రాయవచ్చు, ఏవి ఆపాలి

నిమ్మరసం, బియ్యప్పిండితో రుద్దడం, మొటిమ మీద టూత్‌పేస్ట్, ఇవి పూర్తిగా ఆపండి. సున్నిపిండి ఒంటికి రుద్దుకోండి, ముఖానికి వద్దు. గరుకుగా రుద్దిన చర్మం మన ఛాయలో ఇంకా నల్లబడుతుంది, ఆ పైన ఈ మందు పడితే మంట. బ్యూటీ పార్లర్‌లో బ్లీచ్ అసలు వద్దు. పైపెదవి థ్రెడింగ్ చేయించుకునే ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు అక్కడ మందు రాయకండి.

నియాసినమైడ్ (క్రీముల్లో, సీరమ్‌లలో కలిపే విటమిన్ బి3) దీనితో హాయిగా కలుస్తుంది. అడాపలీన్ (ట్రెటినాయిన్ కోవలోని మొటిమల మందు) రాస్తున్నవాళ్లు అది రాత్రి, ఇది పొద్దున పెట్టుకోవచ్చు. బెంజాయిల్ పెరాక్సైడ్, క్లిండామైసిన్ జెల్ డాక్టర్ ఇచ్చి ఉంటే ఏ పూట ఏది అని చీటీ మీదే రాయించుకోండి. గ్లైకోలిక్, శాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్‌లను మొదటి ఆరు వారాలూ పక్కన పెట్టండి. ఏం చేసినా ఒకేసారి రెండు కొత్త మందులు మొదలుపెట్టకండి. ముఖం కందిపోతే దేనివల్లో తెలియదు.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు

నాకు ఈ మందు మీద గౌరవం పెరిగింది ఇక్కడే. గర్భం వచ్చాక మంగు, మొటిమలు రెండూ పెరగవచ్చు, సరిగ్గా అప్పుడే ట్రెటినాయిన్, అడాపలీన్, హైడ్రోక్వినోన్ వద్దంటారు. అజెలాయిక్ యాసిడ్ రాసినదాంట్లో ఒంట్లోకి చేరేది సుమారు 4 శాతమే, అదీ మనం తిండిలో తీసుకునే పదార్థమే. అందుకని గర్భిణులకు డాక్టర్లు ఎంచుకునే కొద్ది మందుల్లో ఇదొకటి. మీ గైనకాలజిస్ట్‌ను ఒక మాట అడిగి మొదలుపెట్టండి. పాలిచ్చేవాళ్లు ఛాతీ మీద మాత్రం రాయకూడదు, బిడ్డ బుగ్గ మీ బుగ్గకు ఆనేలోపు మందు ఆరిపోనివ్వాలి. మంగుకు కాన్పు అయ్యాక దానంతట అదే తగ్గే అవకాశం కూడా ఉంది కాబట్టి గర్భంతో ఉండగా టెన్షన్ పడి నాలుగు రకాలు రాయక్కర్లేదు.

ఎన్నాళ్లకు కనబడుతుంది

మొటిమలైతే నాలుగు వారాలకు కొంచెం తేడా, పన్నెండు వారాలకు తేల్చి చెప్పగలిగేంత తేడా. మొటిమల నల్లమచ్చలకు మూడు నాలుగు నెలలు. మంగుకు ఆరు నెలలు. 1991లో ప్రచురించిన ఒక పరీక్షలో మంగు ఉన్న 329 మంది స్త్రీలలో కొందరికి 20 శాతం అజెలాయిక్ యాసిడ్, కొందరికి 4 శాతం హైడ్రోక్వినోన్ ఇచ్చి, సన్‌స్క్రీన్‌తో పాటు 24 వారాలు వాడించారు. అజెలాయిక్ వాడినవాళ్లలో 65 శాతం మందికి మంచి ఫలితమో, చాలా మంచి ఫలితమో వచ్చింది, రెండు మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ 24 వారాలు అన్న మాటను గుర్తుపెట్టుకోండి. పెళ్లి ఇంకో పదిహేను రోజులు ఉందనగా మొదలుపెట్టే మందు కాదిది. ఆ పదిహేను రోజుల్లో ముఖం కందిపోయి పొట్టు రాలడమే జరుగుతుంది.

రోజూ అద్దంలో చూసుకుంటే మార్పు తెలియదు. నాలుగు వారాలకోసారి, అదే కిటికీ దగ్గర, అదే సమయానికి, ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకోండి. ముఖం కడిగి, ఏమీ రాయకుండా. నేను ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వంటింటి కిటికీ దగ్గర తీసుకునేదాన్ని. రెండు నెలల దాకా నాకేమీ తేడా కనిపించలేదు. మూడో నెల ఫొటోను మొదటిదాని పక్కన పెట్టి చూస్తే మచ్చ అంతే ఉంది, అంచు మాత్రం మారింది. మొదట్లో పెన్నుతో గీసినట్టున్న అంచు, ఉతికిన చొక్కా మీద ఇంకు మరకలా చెదిరిపోయి ఉంది. అయిదో నెలకు మచ్చ మధ్యలో మామూలు చర్మం దీవుల్లా తేలింది. కుడిబుగ్గ మీది మచ్చ పూర్తిగా పోలేదు, కానీ సన్‌స్క్రీన్ రాసుకుంటే ఎదుటివాళ్లకు కనబడదు. అది నాకు చాలు.

మొటిమలకు పన్నెండు వారాలు, మంగుకు ఆరు నెలలు సరైన కొలతలో, క్రమం తప్పకుండా రాసినా ఫొటోల్లో తేడా లేకపోతే ఇంకో ట్యూబు కొనకండి. ఆ ఫొటోలు, ఖాళీ ట్యూబులు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రోగం పేరైనా మారాలి, మందైనా మారాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పండి, మంగుకు అవీ కారణం కావచ్చు.

తగ్గాక ఒక్కసారిగా ఆపక్కర్లేదు. రెండుపూటల నుంచి ఒకపూటకు, తర్వాత వారానికి మూడు రాత్రులకు తగ్గించండి. స్టీరాయిడ్‌లా దీన్ని ఆపితే ముఖం తిరగబడదు, కాబట్టి మధ్యలో ఊరెళ్లి నాలుగు రోజులు మరిచిపోయినా కంగారు లేదు, వచ్చాక మళ్లీ మొదలుపెట్టడమే. మంగు మాత్రం ఎండలతో పాటు తిరిగి వస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, నేను ఏటా ఆ జాగారం మర్నాటి నుంచి మళ్లీ ప్రతి రాత్రీ రాయడం మొదలుపెట్టి, వానలు బాగా పడేదాకా ఆపను.